అక్క కిడ్నీ, నా బీపీ

మా వైపు ఇద్దరు కలిస్తే వానల గురించి మాట్లాడుకోవడం తగ్గిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు బీపీ గురించి మాట్లాడుకుంటారు. "ఎంతున్నాది?" అని ఒకడు అడుగుతాడు. "నూటరవై" అంటాడు రెండోవాడు, ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయో చెప్పినంత మామూలుగా. కోటబొమ్మాళి సంతలో ఉల్లిపాయల వరస దాటాక ఒకాయన స్టూలు వేసుకుని కూర్చుని బీపీ చూసేవాడు. జనం సంచీ పక్కన పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, చెయ్యి ఆయనకి అప్పగించి, కళ్లు మాత్రం ఎదుటి వంకాయల మీద ఉంచేవారు.

నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాను. పీడనం అంటే ఏమిటో నిర్వచనం ఇప్పటికీ తప్పుల్లేకుండా చెప్పగలను. పరీక్షల్లో సెకండ్ క్లాసు దాటలేదు గానీ బీపీలో నాకు మొదటి నుంచీ డిస్టింక్షనే. తలనొప్పి వస్తే కళ్లజోడు మార్చాను. కాళ్లు వాస్తే చెప్పులు మార్చాను. చివరికి విజయనగరంలో ఒక డాక్టరు స్కానింగు చూసి నా కిడ్నీలు రెండూ చింతపిక్కల్లా అయిపోయాయని చెప్పాడు. బీపీ వల్ల కిడ్నీలు పోయాయా, కిడ్నీలు పోవడం వల్ల బీపీ వచ్చిందా అని అడిగాను. "రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయండీ" అన్నాడు. మా ఊళ్లో అలాంటి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు కాబట్టి వెంటనే అర్థమైంది.

మాది ఉద్దానం కాదు. అలాగని ఉద్దానానికి మరీ దూరమూ కాదు. అక్కడి వాళ్ల కిడ్నీలు ఎందుకు పోతున్నాయో తేల్చడానికి వచ్చినవాళ్లు నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు. జవాబు మాత్రం ఇంకా పట్టుకురాలేదు. కాబట్టి నావి ఎందుకు పోయాయని నేను ఎవరినీ పెద్దగా విసిగించలేదు.

అప్పటికి నేను సాలూరులో ఉంటున్నాను. మా అక్కని ఇచ్చింది అక్కడే. బావకి రెండు లారీలు, బస్టాండు దగ్గర ఒక బుకింగ్ ఆఫీసు. ఆ ఆఫీసులో ఫోను ఎత్తి "లోడు ఉన్నాదండి, లారీ లేదండి" అనో, "లారీ ఉన్నాదండి, లోడు లేదండి" అనో చెప్పడం నా ఉద్యోగం. చదువుకి తగ్గ ఉద్యోగమే. డయాలసిస్ మొదలయ్యాక వారంలో కొన్ని రోజులు విజయనగరం బస్సెక్కి వెళ్లి, యంత్రం పక్కన పడుకుని, సాయంత్రానికి పిండిన బట్టలా తిరిగొచ్చేవాణ్ని. మా ఆవిడ ఇంట్లోంచి ఉప్పుని వెళ్లగొట్టింది. ఆవకాయ జాడీని పుట్టింటికి పంపేసింది. నా బీపీ పది పాయింట్లు తగ్గితే ఆ రోజు ఆవిడ మొహంలో ఇంట్లో ఎవరో పరీక్ష పాసైన కళ కనిపించేది. తగ్గడమే పుణ్యం, పెరగడమే పాపం. ఇంతకు మించిన వేదాంతం మా ఇంట్లో ఉండేది కాదు.

నీళ్లకి కూడా లెక్కే. చిన్న స్టీలు గ్లాసు, అదీ పూటంతటికీ. ఒంటికి వెళ్లడమనే పని క్రమంగా నా దినచర్యలోంచి తప్పుకుంది. మొదట్లో ఎంతో సౌకర్యంగా అనిపించింది, ముఖ్యంగా బస్సు ప్రయాణాల్లో. తర్వాత అర్థమైంది, లోపలికి వెళ్లిన ప్రతి గుక్కా నాలోనే ఉండిపోతోందని. ఆ రోజుల్లో నాకు కలలన్నీ నీళ్లే. చలివేంద్రంలో కుండల వరస, ఒక్కో కుండ మీద తడిగుడ్డ. నేను ఒక్కోదాన్నీ ముట్టుకుంటూ నడుస్తూ ఉంటాను, వరస తరగదు. మెలకువ వచ్చాక కూడా వేలి కొసల్లో ఆ చల్లదనం కాసేపు ఉండేది. అలా కళ్లు మూసుకుని పడుకుంటే దాహం తీరదు గానీ, మర్యాదగా పక్కన కూర్చునేది.

ఒకరోజు అక్క ఆఫీసుకి వచ్చింది.

"నాది తీసుకోరా" అంది, పెరట్లో ఎక్కువ కాసిన ఆనపకాయ ఇస్తున్నట్టు.

"మరి నీకో?"

"నాకు రెండున్నాయి కదేటి."

"బావనడిగినావా?"

"ఆయన్నడగడానికి ఆయనదేటి?"

బావ పక్క కుర్చీలోనే ఉన్నాడు. "స్టెప్నీ లేకండా బండి తియ్యొద్దని డ్రైవర్లకి నానే సెప్తాను. ఇంట్లో నా మాటినీవోలెవులు?" అన్నాడు గోడ మీది దేవుడి పటంతో. దేవుడూ కల్పించుకోలేదు.

పరీక్షలన్నీ కలిశాయి. విశాఖలో ఆస్పత్రి కుదిరింది. ఇచ్చేవాళ్లు ఇష్టంతోనే ఇస్తున్నారా లేదా అని అడిగే కమిటీ ఒకటి ఉంటుంది. వాళ్లు అక్కని ఒంటరిగా కూర్చోబెట్టి, "మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా అమ్మా" అని అడిగారట. "ఆడు వద్దంటన్నాడండి. నానే బలవంతం సేస్తన్నాను" అందట. వాళ్ల కాగితంలో అలాంటి జవాబుకి గడి లేకపోవడం వల్ల కాస్త ఆలస్యమైంది.

మొదటి తేదీన ఆపరేషన్ జరగలేదు. పొద్దున్నే చూస్తే నా బీపీ రెండొందలు దాటి ఉంది. ఇవాళ వద్దు, ముందు దీన్ని అదుపులోకి తెద్దాం అన్నారు. అప్పటికే అక్క ముందురోజు నుంచి కడుపు మాడ్చుకుని, జడ విప్పి, గాజులు తీసి బావ చేతిలో పెట్టి సిద్ధంగా కూర్చుంది. మళ్లీ గాజులు తొడుక్కుంటూ నా వంక చూసిన చూపు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు బడి గంట కొట్టాక కూడా నేను చొక్కా కోసం వెతుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి అలాగే చూసేది.

రెండో తేదీ వచ్చేసరికి అక్క విషయాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. తేదీ ఆస్పత్రివాళ్లది. ఆ తేదీలో గడియ మాత్రం సాలూరు సిద్ధాంతిగారిది. శుక్రవారం, రాహుకాలం రాకముందే కత్తి పెట్టాలన్నారాయన. సర్జనుకి అక్క ఆ సంగతి నేరుగానే చెప్పింది. ఆయన వినయంగా తలూపాడు. ఎలాగూ పొద్దున్నే మొదలుపెడతారు కాబట్టి సిద్ధాంతిగారితో ఆయనకి తగాదా లేదు.

మా వైపు ముహూర్తం అంటే బస్సు లాంటిది కాదు, ఇది పోతే ఇంకోటి వస్తుందనుకోడానికి. పోయిందంటే పోయినట్టే. పెళ్లిలో కరెంటు పోయినా, పురోహితుడి గొంతు పోయినా, ముహూర్తం మాత్రం పోకూడదు. ఆ పట్టుదలతోనే అక్క ఆ శుక్రవారం పొద్దున నా గదికి వచ్చింది. మా ఆవిడ అప్పుడే కాఫీకని కిందకి దిగింది. కిటికీలోంచి తెల్లవారుతున్న ఊరు పాలల్లో ముంచినట్టుంది. అక్క కొంగు ముడి విప్పి ఒక మాత్ర తీసింది. నేను రోజూ వేసుకునే బీపీ మాత్రే. మొదటిసారి వాయిదా పడిన రోజే కొని దాచుకుందట.

"మింగీ."

"ఇయ్యాల ఇదెయ్యాలో వద్దో..."

"మల్లీ పెరిగిపోయి మల్లీ ఎల్లిపొమ్మంటే? నా వల్ల కాదు బాబూ. సుక్క నీల్లతో మింగీ."

మింగాను. కాసేపటికి నర్సు గౌను పట్టుకుని వచ్చింది. "పొద్దున్నేమీ వేసుకోలేదు కదా?" అని అడిగింది.

"పచ్చి మంచినీల్లు కూడా ముట్టుకోలేదమ్మా" అంది అక్క.

అక్క మాట్లాడుతున్నప్పుడు మధ్యలో కల్పించుకునే అలవాటు నాకు లేదు. బీపీ చూస్తే ముచ్చటగా ఉంది. అక్క నా వంక చూసి తృప్తిగా తలూపింది. ఆ మాత్ర ఆ పూట వెయ్యకూడదని ముందురోజు నర్సు మా ఆవిడకి చెప్పిందనీ, ఆవిడ నా మాత్రల డబ్బాని సంచీ అడుక్కి తోసేసిందనీ మా ఇద్దరికీ తెలియదు.

అక్కని ముందు తీసుకెళ్లారు. తర్వాత నన్ను. కప్పు మీది దీపాలు ఒకదాని వెనకాల ఒకటి వెనక్కి నడిచిపోతున్నాయి. మత్తు డాక్టరమ్మ ముక్కు మీద మాస్కు పెట్టి, మీదే ఊరని అడిగింది. కోటబొమ్మాళి పక్కన అని చెప్పబోయాను. కోటబొ వరకు చెప్పినట్టు గుర్తు.

మత్తులో కలలు రావని తర్వాత ఆవిడ నాతో అంది. నాకు వచ్చిందని నేనన్నాను. ఇద్దరం ఎవరి అభిప్రాయాన్ని వారు గౌరవంగా ఉంచుకున్నాం.

నాకు వచ్చింది మా శివారు పొలం. కాలవకి మాది చిట్టచివర. పైనున్నవాళ్లందరి చేలూ తడిశాక, కాలవలో ఇంకా ఒత్తిడి మిగిలి ఉంటే అప్పుడు మాకు. పైన మట్టం జానెడు తగ్గిందంటే మా దగ్గరికి వచ్చేది నీళ్లు కాదు, నీళ్ల వార్త. చిన్నప్పుడు నాన్న ఎగువకి వెళ్లి లాకుల దగ్గర బతిమాలుకుంటుంటే, అక్కా నేనూ గట్టు మీద కూర్చుని మడవ కాసేవాళ్లం. గట్టుకి కొట్టిన చిన్న గండి అది. నీళ్లు వచ్చేదాకా మూసి ఉంచాలి, రాగానే పారతో మట్టి లాగెయ్యాలి.

కలలో అక్కకి పన్నెండేళ్లు. పరికిణీ ఎగదోపుకుని పార పట్టుకుని నిలబడింది. ఆకాశం రంగు లేదు, వేళ లేదు. కాలవ అడుగున తడి మెరుస్తోంది, అంతే. ఎక్కడో దూరంగా నీళ్లు వస్తున్న చప్పుడు, చెవి నేలకి ఆనిస్తే తప్ప వినబడనంత మెల్లగా. "తియ్యనా?" అంటుంది అక్క. "ఆగు" అంటాను. "తియ్యనా?" "ఆగవే." చివరికి అక్క మడవ తీసేసింది. నీళ్లు వచ్చినట్టే వచ్చి, మడవ దగ్గర తడబడి, వెనక్కి తగ్గి, నేలలోకి ఇంకిపోయాయి. చేలో నెర్రెలు అలాగే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అక్క నా వంక చూడలేదు. పార భుజాన వేసుకుని గట్టు వెంట నడిచి వెళ్లిపోతోంది. పిలుద్దామంటే నా నోట్లో గొట్టం ఉంది.

మెలకువ వచ్చేసరికి గొట్టం తీసేస్తున్నారు.

లేవగానే అందరూ నా మొహం వంక కాక మంచం పక్కన వేలాడదీసిన సంచీ వంక చూస్తుండటం గమనించాను. కొత్త కిడ్నీ పనిచేస్తే మూత్రం వచ్చి పడాల్సిన సంచీ అది. కొందరికి ఆపరేషన్ బల్ల మీదే ధారలా వస్తుందట. నాది కొట్లో కొన్నంత శుభ్రంగా ఉంది.

మరుసటి రోజు మత్తు డాక్టరమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. చిన్నపిల్లే, నిద్రలేని కళ్లు. డాక్టర్లు నిలబడి చెబితే మంచి వార్త, కూర్చుని చెబితే ఇంకో రకం అని నాకు డయాలసిస్ రోజుల్లోనే తెలుసు.

"కిడ్నీని మీ రక్తనాళాలకి కుట్టాక, అప్పటిదాకా బిగించి ఉంచిన క్లిప్పులు తీస్తామండీ. ఆ నిమిషంలో మీ బీపీ బాగా ఉండాలి. మామూలుగా కంటే కాస్త ఎక్కువే ఉండాలి. ఒంట్లో కుదురుకున్న కిడ్నీ అయితే ప్రెషర్ కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. కొత్తగా పెట్టినదానికి ఆ తెలివి ఇంకా రాదు. మీరెంత తోస్తే దానికంతే అందుతుంది."

"నాది తోయలేదా?"

"పడిపోయిందండీ. సెలైన్ ఎక్కించాం, మందులిచ్చాం, లేపాం. కానీ లేవడానికి అనుకున్నదానికంటే టైము పట్టింది." ఆగి, "పొద్దున బీపీ మాత్రేమైనా వేసుకున్నారా?" అని అడిగింది.

వేసుకున్నానని చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. చెప్పి ఉంటే బావుండేదండీ, అంది. కోప్పడినా బావుండేదనిపించింది.

"ఇప్పుడు కిడ్నీ సంగతి?"

"నిద్రపోతోంది. చాలావరకు లేస్తాయి. కొన్ని రోజుల్లో లేస్తాయి, కొన్నిటికి వారాలు పడుతుంది. అందాకా డయాలసిస్ చేస్తూ ఉంటాం." ఇంకేదో చెప్పబోయి పెన్ను మూత సరిచేసుకుంది. "లేచాక కూడా, మొదట్నుంచీ పనిచేసినవాటంత బాగా చేస్తుందని మాట ఇవ్వలేను."

ఇన్నేళ్లూ నా బీపీ తగ్గాలని మొక్కుకోని దేవుడు లేడు మా ఇంట్లో. మొత్తం మీద ఒకే ఒక్క పూట అది పైన ఉండాల్సి వచ్చింది. ఆ పూటే దానికి బుద్ధి వచ్చింది.

మా ఆవిడ అంతా విని, పక్క వార్డులో కుట్ల నొప్పితో పడుకుని ఉన్న అక్క దగ్గరికి వెళ్లింది. అరవలేదు. అరిచే మనిషి కాదు. "వదినా, నన్నొక్క మాట అడగలేకపోనావా" అని మాత్రం అందట. ఆ రోజంతా అక్క ఎవరితోనూ మాట్లాడలేదని బావ చెప్పాడు. నడవగలిగాక కూడా నా గదివైపు రాలేదు. డిశ్చార్జి చేసినా సాలూరు వెళ్లలేదు. ఆస్పత్రి వెనకవీధిలో బావ ఒక గది తీసుకుంటే అందులో ఉండిపోయింది.

బావ మాత్రం రోజూ మాస్కు కట్టుకుని అద్దం తలుపు దాకా వచ్చేవాడు. కిడ్నీ పరిస్థితి ఆయనకి తనదైన పద్ధతిలో అర్థమైంది.

"డీజిల్ లైన్లో ఎయిర్ పట్టీసినాది బావా. అంతే. ఇంజనుకేటీ కాలేదు. కొత్త పంపు బిగించినప్పుడు మా బండ్లకీ అవుద్ది. సేత్తో పంపు కొట్టి కొట్టి ఎయిర్ తీసీసినావంటే టక్కుమని అందుకుంటాది."

"నాకు ఎక్కడ కొడతావు బావా?"

ఆలోచించాడు. "అది డాక్టర్లు సూసుకుంటార్లే" అన్నాడు.

"అక్కెలగున్నాది?"

"తినదు. తిన్నాననీసి సెప్తాది. నానడిగితే, నీ బండి కాదు, నీకేటి తెలుసు అంటాది." కాసేపు అద్దం మీద వేలితో గీతలు గీశాడు. "అది పని సెయ్యకపోతే నాను మీ అక్క మొకం సూళ్లేను బావా. నిన్ను సూస్తాను గానీ" అన్నాడు.

అప్పటిదాకా నాకు నా సంగతే తెలుసు. కిడ్నీ లేవకపోతే మళ్లీ విజయనగరం బస్సెక్కుతాను. అలవాటైన దారే, కండక్టరు కూడా పరిచయమే. అక్కకి మాత్రం తిరిగి వెళ్లడానికి దారి లేదు. ఇచ్చింది వెనక్కి రాదు. తనే ఇచ్చి, తనే చంపుకున్నానని బతికినన్నాళ్లూ అనుకుంటుంది. ఆ రోజు నుంచి నేను ఆ సంచీ వంక నా కోసం చూడటం మానేశాను.

ఆ రోజులు ఇప్పుడు తలచుకుంటే ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపిస్తాయి, తడిసిన పుస్తకంలో పేజీల్లా. యంత్రం పక్కన మళ్లీ పడుకోవడం, నరంలోకి చల్లగా పాకే సెలైను, మధ్యాహ్నపు ఎండ పరదా మీద కదలడం. కుడి పక్క పొత్తికడుపులో, కుట్ల కింద, అక్క కిడ్నీ ఉంది. ఇద్దరం పడుకునే ఉన్నాం. అది నిద్రలో ఉంది, నేను నిద్రకీ మెలకువకీ మధ్య గట్టు మీద ఉన్నాను. అప్పుడప్పుడు దాని మీద చెయ్యి పెట్టి పలకరించేవాణ్ని. మొదట మర్యాదగా. పొరుగింటి నుంచి వచ్చిన చుట్టం కదా. తర్వాత్తర్వాత అక్కని పలకరించినట్టే పలకరించాను. ఒసే, ఎంతసేపు పడుకుంటావు, ఎండెక్కింది. అక్క ఎప్పుడూ నాకంటే ముందు లేచే మనిషి. దాని కిడ్నీ ఇలా బారెడు పొద్దెక్కేదాకా పడుకుందంటే అది నా ఇంటి గాలి సోకడం వల్లే.

వాళ్లు నా బీపీని గంటగంటకీ చూసేవారు. నూట నలభై ఉంటే నర్సు నవ్వేది. నూట పది ఉంటే కంగారుగా డాక్టరుకి ఫోను చేసేది. మా ఆవిడకిది బొత్తిగా మింగుడు పడలేదు. "ఎక్కువుంటే సంతోషపడతన్నారేటండీ ఈల్లు" అని నా చెవిలో అంది. ఆవిడ పుట్టింటికి పంపేసిన ఆవకాయ జాడీ నాకు గుర్తొచ్చింది.

ఒక మధ్యాహ్నం నేను కళ్లు మూసుకుని ఉంటే నర్సు వంగి సంచీ పైకెత్తి వెలుతురుకి పట్టింది. దించి, మళ్లీ పట్టింది. "వచ్చింది" అంది, మా ఆవిడతో, పురుటిగదిలోంచి బయటికొచ్చి చెప్పినట్టు. నేను చూశాను. టీ గ్లాసులో అడుగున మిగిలినంత. రంగు కూడా అలాంటిదే. ఇంత కొంచెం ద్రవానికి అంతమంది డిగ్రీలున్నవాళ్లు వచ్చి అభినందనలు చెప్పడం నేను ఎక్కడా చూడలేదు.

మా ఆవిడ ఫోను చేసింది. "వదినా, వచ్చినాది. నువ్వు రావాల" అంది. అంతే అంది. నడుం వంచుకుని, పక్కటెముకల కింద చెయ్యి అదుముకుని, మెట్లెక్కి వచ్చింది అక్క. మొహానికి మాస్కు, తలకి టోపీ. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, అవీ నన్ను చూడటం లేదు. నేరుగా సంచీ దగ్గరికి వెళ్లింది.

"ఇదేటి, ఇంతేనా?"

"ఇప్పుడే లేచినాదక్కా. మొకం కడుక్కోనీ."

"నా కాడున్నప్పుడు ఇలగ బద్దకించీది కాదు."

"ఇల్లు మారినాది కదే. వంటగది ఎటున్నాదో తెలియాల కదా."

చాలాసేపు నిలబడింది. గొట్టంలో ఒక బొట్టు మెల్లగా జారి, ఆగి, మళ్లీ జారి, సంచీలో పడింది. అక్క దాన్ని పడేదాకా చూసింది.

"నానే సంపీసినాననుకున్నాన్రా" అంది.

  కుర్చీ లాక్కోమని చేత్తో చూపించాను. కూర్చుంది. నొప్పిగా ఉందా అని అడిగాను. "కోసినకాడ నొప్పి కాపోతే సక్కిలిగిలెడతాదేటి" అంది. నా ప్రాణం కుదుటపడింది. మా ఆవిడ ఏమీ అనకుండా అక్కకి కాఫీ కలిపి ఇచ్చింది. అక్క ఏమీ అనకుండా తాగింది. మా ఇళ్లల్లో రాజీలు ఇలాగే రాసుకుంటారు.

రోజూ కొంత, రోజూ కొంత. టీ గ్లాసు కాస్తా చెంబయింది. డయాలసిస్ ఆపేశారు. బాగా నీళ్లు తాగమన్నారు. నాకు నీళ్లు గుటక వేయడం రాలేదు. ఏళ్ల తరబడి అలవాటైన నోరు, పుక్కిట పట్టుకుని కూర్చునేది. ఎవరైనా చూస్తారేమోనన్నట్టు అటూ ఇటూ చూసి మింగేవాణ్ని. మొదటిసారి బాటిలు నీళ్లు ఏకబిగిన తాగిన రోజున కలలో చలివేంద్రం కనిపించలేదు. కలేదీ రాలేదు. బాగా నిద్రపట్టింది.

కిడ్నీ లేచింది గానీ పరుగెత్తలేదు. నెలలు గడిచినా క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టకుండా రక్తంలో మిగిల్చిన చెత్త, ఉండాల్సిన గీతకి కాస్త పైనే కుదురుకుంది. దిగదు, ఎక్కదు. పెద్ద డాక్టరుగారు ఇదే దీని మామూలు అనుకోమన్నారు. నా పరీక్షల చరిత్ర తెలిసినవాణ్ని కాబట్టి, సెకండ్ క్లాసు వస్తే ఎలా బతకాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కకి మాత్రం అది సరిపోలేదు. మొన్న ఇద్దరికీ పరీక్షలుంటే కలిసి వెళ్లాం. తనది అన్నివిధాలా బాగుందన్నారు. నడవాలో మత్తు డాక్టరమ్మ ఎదురైతే అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నానా మాత్ర ఇయ్యకపోయుంటే ఇది ఇంకా బాగా పనిచేసీదా?"

ఆవిడ తొందరపడకుండా ఆలోచించింది. "చెప్పలేనమ్మా. మాత్ర వల్ల పడి ఉండొచ్చు. మత్తు వల్లా పడుతుంది, రక్తం పోయినా పడుతుంది. బీపీ బాగున్నవాళ్లకీ కొన్నిసార్లు కిడ్నీ ఆలస్యంగా లేస్తుంది. ఇదీ కారణమని వేలు పెట్టి చూపించలేను."

బయటికొచ్చి కారెక్కాం. బావ లారీ తోలినట్టే కారు తోలుతాడు, దారంతా తనదే. నాన్న పోయాక కౌలుకిచ్చిన చేను చూడటానికి మా ఊరు వెళ్దామనుకున్నాం. ఆనందపురం దాటాక అక్క అంది:

"సెప్పలేనన్నాదంటే సగం నాదే."

"కిడ్నీ కూడా నీదే కదే. నీ సొమ్ము నువ్వే కొంచెం పాడు సేసుకున్నావు. మజ్జిన నాకేటి?"

"ఎకసెక్కాలాడకు."

"ఎకసెక్కం కాదు. మిగిలిన సగంతోనే కదా కూకున్నాను నీ పక్కన."

అక్క కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయింది.  మధ్యాహ్నానికి మా ఊరు చేరాం. చేను చూసి, అన్నాలు తిన్నాక, ఇంతదూరం వచ్చాం, సముద్రం చూసి వెళ్దామంది. భావనపాడు మాకు ఎంతో దూరం లేదు. అటు తిరిగాం. ఎండ మెత్తబడింది. దారికి రెండు వైపులా జీడిమామిడి తోటలు, వాటి మీద ఉప్పుగాలి. కారు వెళ్తోందో, తోటలే వెనక్కి వెళ్తున్నాయో తెలియనంత మగతగా ఉంది.

"బావా, ఆపు" అన్నాను.

ఒంటికి వెళ్లొచ్చి కూర్చున్నాను. నాలుగు మైళ్లు వెళ్లామో లేదో మళ్లీ ఆపమన్నాను. మా ఆవిడ పట్టించిన నీళ్లు మరి. ఇంకొంచెం వెళ్లాక మళ్లీ.

"ఇలగైతే మనం ఎల్లేతలికి సముద్రం ఇంటికెల్లిపోతాది" అన్నాడు బావ. "బండి గేర్లో పడనియ్యడు."

"ఆపీ" అంది అక్క. "ఆడు ఆపమన్నప్పుడల్లా ఆపీ."

బావ ఆపాడు. ఈసారి అక్క కూడా దిగింది, కాళ్లు పట్టేశాయని. నేను సరుగుడు చెట్ల చాటుకి వెళ్లాను. అక్క రోడ్డు మీద అటు తిరిగి నిలబడింది, కొంగు గాలికి ఎగురుతోంది. చెట్ల వెనక ఎక్కడో సముద్రం వినిపిస్తోంది, కనిపించడం లేదు. ఎండిన సరుగుడాకుల మీద నా వంతు చప్పుడు చాలాసేపు సాగింది.

"బానే వస్తన్నాదేటిరా?" అని అటువైపు నుంచే అడిగింది.

"బానే వస్తన్నాదక్కా."

"తొందరేటీ లేదు. కాని" అంది.